చీకటి గదిలో ఊపిరి

“మూడింటికి ఆమెను తీసుకుపోతాను, సార్జెంట్ గారూ. అంతదాకా మీ సరదా తీర్చుకోండి.”

ఇన్‌స్పెక్టర్ హాస్లమ్ ఈ మాట అని చేతి గడియారం చూసుకున్నాడు. నగరంలోని ప్రధాన కార్యాలయం నుంచి అతడు వచ్చి ఎంతోసేపు కాలేదు. కేసు అప్పుడే ముగిసిందని మాత్రం అతని మొహం చెబుతోంది.

డిటెక్టివ్ సార్జెంట్ నోరీన్ టాలన్ కర్రబీన్ జంతు వైద్యశాల నడవాలో నిలబడి, టీ గది తలుపుకు అడ్డంగా కట్టిన పసుపుపచ్చ టేపును చూస్తోంది. ఆ ఉదయం వైద్యశాల తెరిచిన కాసేపటికే దాని యజమాని డాక్టర్ పెన్‌హేల్ చికిత్స గదిలో కుప్పకూలాడు. ఇప్పుడు జిల్లా ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. గుండె చాలా మెల్లగా కొట్టుకుంటోందనీ, రక్తపోటుకు ఆయన రోజూ వేసుకునే మాత్రలు పరిస్థితిని మరింత దిగజార్చాయనీ, లోపలికి వెళ్ళిన విషమేదో తెలియకుండా విరుగుడు ఇవ్వలేమనీ అక్కడి వైద్యురాలు ఫోనులో చెప్పింది.

“టీ చేసిందెవరు? హెడ్ నర్సు లితియా. నిన్న సాయంత్రం డాక్టరుతో గొంతు చించుకుని పోట్లాడిందెవరు? లితియా. మందుల బీరువా తాళంచెవి మెళ్ళో వేసుకు తిరిగేదెవరు? మళ్ళీ లితియానే,” అంటూ హాస్లమ్ జేబులోంచి ఆ తాళంచెవిని తీసి, దాని నల్లదారం వేలికి చుట్టి ఆడించాడు. “పైగా ఆ వెనక గది తలుపుకి అడ్డం పడి మా వాళ్ళని లోపలికి అడుగు పెట్టనివ్వలేదు. ఇంతకన్నా ఏం కావాలండీ మీకు? నేనే చేశానని పాట కట్టి పాడాలా?”

“టీ కప్పు నిండుగా ఉంది సార్. పైన మీగడ కూడా చెదరలేదు.”

“ఒక్క గుక్క చాలదా?”

“ఒక్క గుక్క తాగినా కప్పు అంచుకి మరక అంటాలి. లేదు.”

“పరీక్షకి పంపాను. రేపు తెలుస్తుంది.”

“రేపటిదాకా డాక్టరు బతికుండాలి కదా!”

హాస్లమ్ నవ్వాడు. “మీది జాలిగుండె అని స్టేషన్‌లో చెప్పారు. రిటైర్మెంటు దగ్గరపడితే అంతేలెండి.”

“జాలి కాదు సార్, చాదస్తం. చేసినవాడు బయటుండి చెయ్యనివాడు బోనులో నిలబడితే నాకు తిండి సయించదు. నిద్ర కూడా పట్టదు. మా ఆయన బతికున్నంతకాలం దాని గురించే సణిగేవాడు.”

ఆమె అతనికి వీపు చూపి చికిత్స గదిలోకి నడిచింది.

హాస్లమ్ మూయించింది టీ గదినే గానీ చికిత్స గదిని కాదు. విషం టీలోనే ఉందని అతడు మొదటి క్షణంలోనే నిశ్చయించుకోవడం ఒక కారణం. తలుపు మూస్తే బోనుల్లో ఉన్న జంతువులు చస్తాయని కేలీన్ పెట్టిన కేకలు రెండో కారణం. కేలీన్ ఆ వైద్యశాలలో ముందు గది బల్లా, నర్సు పనీ రెండూ చూసుకునే స్త్రీ, యాభై దాటింది, నోరు మూతపడటం ఎవరూ చూసి ఎరుగరు. ఇప్పుడు స్టీలు బల్ల దగ్గర ఒక కుక్కపిల్లను చంకలో బిగించి పట్టుకుని ఉంది.

“రండి సార్జెంట్, రండి. కూర్చోమందామంటే కుర్చీ లేదు, మొన్న ఓ మేక దాని గుడ్డంతా తినేసింది. నా చేతులు వణుకుతున్నాయి చూడండి. అయినా ఈ బుజ్జిగాడికి టీకా వెయ్యకపోతే బయట కూర్చున్న వాళ్ళమ్మ నన్ను బతకనివ్వదు.”

మందుల ఫ్రిజ్‌కు ఆనుకుని వార్విక్ ప్రూడో నిలబడి ఉన్నాడు. డాక్టర్ పెన్‌హేల్‌కు స్వయానా బావమరిది, వైద్యశాల మేనేజరు. బావ ఆసుపత్రిలో ఉన్నా అతని ఆకలికి లోటు రాలేదు. కాగితం సంచిలోంచి సాసేజ్ రోల్ తీసి నింపాదిగా కొరుకుతున్నాడు.

కేలీన్ కొత్త ప్యాకెట్ చించి సిరంజి తీసింది. ఎడమ చేత్తో కుక్కపిల్ల మెడ పట్టుకుంది. కుడి చేత్తో సిరంజి నోటి దగ్గరకు తెచ్చి, సూది మూతను పళ్ళ మధ్య ఇరికించి లాగేసింది. కుక్కపిల్లకు తెలిసేలోపే టీకా పడిపోయింది. మూతను ఉఫ్ అని చెత్తబుట్టలోకి ఊదింది. ఆ మూత తన బూటు పక్కనుంచి ఎగిరిపోతుంటే వార్విక్ చూశాడు. చూసి, ఇంకో ముక్క కొరికాడు.

“మూత పళ్ళతోనా?” అని అడిగింది నోరీన్.

“అయ్యో, చూసేశారా!” కేలీన్ నాలిక కరుచుకుంది. “చెయ్యకూడదని గోడ మీద బోర్డు కూడా ఉంది. మా డాక్టరే పెట్టించాడు. ఏం చెయ్యనండీ, ఓ చెయ్యి కుక్కకి, ఓ చెయ్యి సూదికి. మూడో చెయ్యి ఇవ్వడం దేవుడు మర్చిపోయాడు. ఈ వృత్తిలో అందరిదీ ఇదే జబ్బు. మా లితియా అయితే రెండు మూతలు నోట్లో పెట్టుకుని పాట కూడా పాడుతుంది.”

“డాక్టరు గారు కూడానా?”

“ఆయనా? ఆయన మమ్మల్ని తిట్టడానికే పుట్టాడు,” అంది కేలీన్. అంటూనే కళ్ళు నింపుకుంది.

“మీరేమంటారు, మిస్టర్ ప్రూడో?”

వార్విక్ వేళ్ళు తుడుచుకున్నాడు. “పనయితే చాలు కదా, సార్జెంట్. నేను బిల్లులూ, మందుల కొనుగోళ్ళూ చూసుకునేవాణ్ణి. సూదులూ మూతలూ వాళ్ళ గొడవ. నాకు తెలీదు, నేను పట్టించుకోను.”

బల్ల చివర ఒక నీలం ట్రే ఉంది. అందులో ఉప్పునీరు నింపి, సూదులకు మూతలు పెట్టిన సిరంజిలు వరసగా పడుకుని ఉన్నాయి. నోరీన్ దానివైపు చెయ్యి చాపింది.

“ముట్టుకోకండి తల్లీ! అది లితియా ట్రే. సెలైన్ గొట్టాలు కడగడానికి రోజూ పొద్దున్నే నింపి పెట్టుకుంటుంది. ఎవరు నింపింది వాళ్ళే వాడాలి, అది ఇక్కడి కట్టుబాటు. నేను ముట్టుకుంటే వేళ్ళు విరిచేస్తుంది. డాక్టర్లకి మాత్రం ఏ రూలూ లేదు, దొరల్లాగా చేతికందింది పట్టుకుపోతారు.”

“పొద్దున డాక్టరు పడిపోయినప్పుడు ఏం చేస్తున్నాడు?”

“కెల్పీ కుక్క సెలైన్ గొట్టం కడుగుతున్నాడు. అసలది లితియా పని. సరిగ్గా అప్పుడే ముందు గదిలో ఓ పిల్లి బుట్టలోంచి దూకి అల్మారా ఎక్కింది. నేను లితియాని కేకేశాను. ‘ఇది నేను చూసుకుంటాలే, నువ్వెళ్ళు’ అన్నాడట ఆయన. మేం పిల్లిని దింపేలోపే లోపల దబ్బుమని చప్పుడు.” కేలీన్ కుక్కపిల్లను గుండెకు హత్తుకుంది. “మా ఇంకో డాక్టరుందే, ఐకిన్, ఆ పిల్లకి ఈ సంగతేదీ తెలీదు పాపం. పొద్దున్నే పాల ఫామ్‌ల మీదికి పోయింది, దూడ అడ్డం తిరిగిందని ఫోనొస్తే. ఆ కొండల వెనక సెల్ ఫోను పలకదు. మధ్యాహ్నానికే రావాలి. దాని కోసం ఉంచిన పై రొట్టె చల్లారిపోతోంది.”

నిజమే. కిటికీ గట్టు మీద కాగితంలో చుట్టిన, మాంసం కూరిన పై రొట్టె ఒకటి ఉంది. దాని మీద ఎవరో పెన్నుతో ఒక నవ్వే ఆవు బొమ్మ గీశారు.

*

వెనక గది తలుపు నోరీన్ గోటితో తట్టింది. తలుపు ఒక మనిషి పట్టేంత మేర తెరుచుకుని, ఆమె లోపలికి రాగానే మూసుకుంది. కిటికీకి మందపాటి దుప్పటి కట్టి ఉంది. చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా ఆమెకు వినిపించింది ఒకే ఒక చప్పుడు. బొంగురుగా, ఎడమెడంగా, ఎవరో నిండు బస్తాను గచ్చు మీద ఈడుస్తున్నట్టు ఉన్న ఊపిరి.

“మెల్లగా మాట్లాడండి,” అంది లితియా రొకోవాడా నేల మీదనుంచి. “అడుగులు కూడా మెల్లగా వెయ్యండి.”

బోను తలుపు తీసి ఉంది. లోపల ఎర్రటి కెల్పీ జాతి కుక్క దుప్పటి మీద ఒరిగి ఉంది. ఒంటికి పట్టి రక్తం పీల్చే గోమారి పురుగును వెతకడానికి ఒంటినిండా జుట్టు తీసేయడంతో అది చెవులు మాత్రమే మిగిలిన మరేదో జంతువులా కనిపిస్తోంది. లితియా అరచెయ్యి దాని పక్కటెముకల మీద ఉంది.

నోరీన్ మోకాళ్ళు పట్టుకుని ఆమె ఎదుట నేల మీదే కూర్చుంది.

“పోలీసుల్ని ఎందుకు రానివ్వలేదు?”

“గోమారి విషం ఎక్కిన కుక్కండీ ఇది. కాళ్ళు పోయాయి, ఇప్పుడు ఊపిరి పోయే దగ్గరుంది. వెలుతురు పడినా, చప్పుడైనా భయపడుతుంది. భయపడితే గాలి ఎక్కువ కావాలి. ఎక్కణ్ణుంచి తెస్తుంది? అందుకే వీటిని చీకట్లో పెట్టి ఊళ్ళో చావొచ్చినట్టు గుసగుసగా తిరుగుతాం. ఆ ఇన్‌స్పెక్టరు బూట్లు విన్నారా? బండికి కట్టిన గుర్రంలా నడుస్తాడు.”

“తలుపు తీసుంటే నీ మీద అనుమానం సగం తగ్గేది.”

“ఇది చచ్చిపోయేది.”

“మూడింటికి నిన్ను తీసుకెళ్తాడు.”

లితియా చెయ్యి పక్కటెముకలతో పాటు లేచి, పడుతోంది. “మా అమ్మాయి నాలుగింటికి స్కూలు బస్సు దిగుతుంది,” అంది. “ఇంటి తాళం నా దగ్గరే ఉంది. దానికి ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు. మా అమ్మ సముద్రం అవతల సువాలో ఉంది. నన్ను జైల్లో వేస్తే పిల్లని ఎవరి చేతుల్లో పెడతారు, సార్జెంట్ గారూ? అది మీ రూల్సులో ఉందా?”

నోరీన్ దగ్గర దానికి చెప్పగలిగిన జవాబు ఒకటే ఉంది, అది ఆమెకే నచ్చలేదు.

“నిన్న డాక్టరుతో గొడవ దేనికి?”

“సీరం గురించి. గోమారి విషానికి అదొక్కటే మందు. సరైన టైముకి ఇస్తే చాలా కుక్కలు లేచి నిలబడతాయి. ఈ ఏడాది మందు ఇచ్చినవి కూడా పోతున్నాయి. నా చేతుల్లోనే పోతున్నాయి. సీసాల్లో నీళ్ళు కలుస్తున్నాయని చెప్పాను. మందులు కొనేది ఆయన బావమరిది. ‘మా ఇంటివాణ్ణి దొంగంటావా’ అని అరిచాడు. నేనూ అరిచాను. మనసు మండిపోయింది, దాచుకోవడం నాకు రాదు. తర్వాత ఆయనే చల్లబడ్డాడు. ‘సీసాలు పరీక్షకి పంపిస్తాను, నువ్వు సాక్ష్యం చెప్పాల్సి ఉంటుంది’ అన్నాడు.”

“ఈ మాట ఎవరు విన్నారు?”

“కేకలైతే వీధి చివరిదాకా వినిపించి ఉంటాయి. ఈ చివరి మాట మెల్లగానే అన్నాడు. వార్విక్ మాత్రం నడవాలో ఉన్నాడు, ఫోను చూసుకుంటూ.”

కుక్క ఊపిరి ఒక్కసారి ఆగింది. ఇద్దరూ బిగుసుకుపోయారు. మళ్ళీ ఆ బస్తా ఈడ్చే చప్పుడు మొదలైంది. లితియా నుదుటి చెమట భుజానికి తుడుచుకుంది.

“ఇదే నాకు అంతుపట్టట్లేదు. గోమారి విషమయితే గుండె దడదడలాడాలి. దీని గుండె మెల్లగా కొట్టుకుంటోంది. పొద్దున్నుంచీ అంతకంతకీ మెల్లగా. మత్తు ఇచ్చి నిద్రపుచ్చినట్టుంది. దీనికి నేను నిద్రమందు ఏదీ ఇవ్వలేదు.”

నోరీన్ తల ఎత్తింది. కొద్ది గంటల క్రితం ఆసుపత్రి వైద్యురాలు ఇవే మాటలు చెప్పింది. ఒక మనిషి, ఒక కుక్క. ఇద్దరికీ ఒకే లక్షణం. కుక్కకు ఎవరూ టీ పొయ్యలేదు.

“డాక్టరు పడిపోయినప్పుడు ఈ కుక్క ఎక్కడుంది?”

“బల్ల మీద, ఆయన చేతుల కింద. ఆయన దీని మీదికే వాలి కిందికి జారాడు. దీన్ని దుప్పటితో సహా ఎత్తి ఇక్కడికి తెచ్చేశాను. అప్పట్నుంచీ కదిలించలేదు.”

“నువ్వూ కదిలించలేదు, పోలీసుల్నీ కదిలించనివ్వలేదు. సరే, ఇప్పుడు మనిద్దరం కదిలిద్దాం. గ్లౌజులు ఇవ్వు.”

దుప్పటి మడతలను నోరీన్ వేలి కొసలతో ఒక్కొక్కటీ విప్పుతూ వచ్చింది. కుక్క తల దగ్గర ఆగింది. వేలాడిన పెదవికీ చిగురుకూ మధ్య ఏదో ఇరుక్కుని ఉంది. లితియా పెదవిని ఎత్తింది. నోరీన్ చిటికెన వేలితో దాన్ని బయటకు లాగి, చేతిలైటును గుప్పిట్లో మూసి, వేళ్ళ సందుల్లోంచి వచ్చిన కొద్దిపాటి వెలుతురులో చూసింది.

ఒక సూది మూత. దాని మీద పంటిగాట్లు లోతుగా దిగి ఉన్నాయి. ఒకచోట మాత్రం గాటు లేదు, ఖాళీ ఉంది. మూత మొదట్లో, చొంగ తడి తగలని చోట, సన్నటి నీలిరంగు పూత మెరిసింది.

“డాక్టరుకి ముందు పన్ను లేదు,” అంది లితియా. “పోయినేడు గుర్రం తన్నింది. అమ్మో… మమ్మల్ని రోజూ తిట్టే మనిషి! మేం చూడనప్పుడు ఆయనా కొరికేవాడన్నమాట. మీద వాలినప్పుడు ఆయన నోట్లోంచి జారి దీని నోట్లో పడి ఉంటుంది.”

“ఈ నీలం ఏమిటి?”

లితియా వంగి చూసింది. “గుర్రాలకి నాలిక కింద పూసే మందు. డాక్టరో నర్సో దగ్గరికి వెళ్ళలేని పొగరుబోతు గుర్రాన్ని తూలిపోయేలా చేస్తుంది. గ్లౌజులు లేకుండా ముట్టుకోనివ్వను ఎవర్నీ. చర్మం తడిగా ఉంటే లోపలికి పోతుంది. నోట్లోకయితే…” ఆమె ఆగిపోయింది.

“డాక్టరు తీసిన సిరంజి ఎవరి ట్రేలోది?”

“నాదే.”

“పిల్లి దూకకపోయి ఉంటే ఆ మూత ఎవరి నోట్లో ఉండేది?”

చీకట్లో లితియా కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి మెల్లగా పెద్దవయ్యాయి. ఆమె తెలియకుండానే మోచేత్తో పెదవులు తుడుచుకుంది.

“నేను పడిపోయేదాన్ని,” అంది. “నా ఒంట్లో వైద్యశాల మందు దొరికేది. బీరువా తాళంచెవి నా మెళ్ళో ఉండేది. మందు దొంగిలించి వాడుతోందనేవాళ్ళు. సీరం గురించి నేనేం చెప్పినా…”

“ఎవరూ నమ్మేవాళ్ళు కాదు,” అని ముగించింది నోరీన్. “నీ నోరు మూయించడానికి నీ నోటి అలవాటునే వాడుకున్నాడు. కుక్కకి విరుగుడు ఉందా?”

“ఉంది, బీరువాలో. తాళంచెవి ఆ ఇన్‌స్పెక్టరు జేబులో ఉంది.”

*

నోరీన్ వెనక తలుపు గుండా పెరట్లోకి వెళ్ళి ఆసుపత్రికి ఫోను చేసి మందు పేరు చెప్పింది. వైద్యురాలు ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఫోను బల్ల మీద పడేసి పరుగెత్తడం వినిపించింది. తరువాత ఆమె చికిత్స గదిలోకి వచ్చింది. కేలీన్ ముందు గదిలో ఉంది, వార్విక్ ఆఫీసులో. నడవాలో కాపలా ఉన్న కానిస్టేబుల్‌ను పిలిచి సాక్షిగా నిలబెట్టింది. లితియా ట్రేలోని సిరంజిలన్నిటినీ సంచిలోకి ఎత్తి మూతి అంటించింది. ప్రతి మూత మీదా అదే నీలిపూత. వాటి చోట కొత్త ప్యాకెట్ల నుంచి తీసిన సిరంజిలు అదే వరసలో సర్దింది. బయటికి చూస్తే ఏదీ మారలేదు.

అప్పుడు వెళ్ళి హాస్లమ్‌ను అడిగింది.

“బీరువా తెరవాలి సార్. కుక్కకి విరుగుడు కావాలి. ఆలస్యమయితే చచ్చిపోతుంది.”

“హత్యాయత్నం కేసులో సాక్ష్యాన్ని మీ కుక్క కోసం తెరవాలా?”

“విషం టీలో లేదు. సూది మూత మీద ఉంది. మూత దొరికింది.”

“ఎక్కడ? ఆమె ఎవర్నీ రానివ్వని గదిలో! ఆమెతో మీరొక్కరే ఉన్నప్పుడు!” హాస్లమ్ మొహం ఎర్రబడింది. “దాన్ని అక్కడ పెట్టింది ఆమే అని కోర్టులో ఏ కుర్ర లాయరైనా అంటాడు. వయసులో పెద్దవారు కదాని ఊరుకుంటున్నాను. టైమయింది. పిలవండి.”

“పిలుస్తాను. అందర్నీ పిలుస్తాను.”

లితియా చీకటి గది నుంచి వచ్చి వెలుతురుకు కళ్ళు చికిలించింది. హాస్లమ్ ఆమె చేతులకు బేడీలు తగిలించాడు. కేలీన్ బావురుమంది. వార్విక్ తలుపు దగ్గర, విచారం ప్రకటించడానికి తగినంత దూరంలో నిలబడ్డాడు.

“ఇంత నమ్మకంగా చూసుకున్నాం,” అన్నాడు. “మా బావ ఆమెని ఇంటిమనిషి అనుకున్నాడు.”

లితియా అతని వైపు చూసింది. నోరు విప్పబోయింది. నోరీన్ చిన్నగా తల అడ్డంగా ఊపింది.

“ఒక్క నిమిషం సార్,” అంటూ నోరీన్ ట్రే దగ్గరకు వెళ్ళింది. “నాకు ఈ పనివాళ్ళ పద్ధతి ఒకటి అర్థం కాలేదు. కేలీన్, ఒక చెయ్యి కుక్క మీద ఉంటుంది కదా. ఇలా.” ఎడమ చెయ్యి బల్ల మీద అదిమింది. కుడి చేత్తో ట్రేలోంచి ఒక సిరంజి తీసింది. “అప్పుడు మూత ఇలా…”

“అంతే, అంతే. కాస్త పక్క పంటితో పట్టుకోండి, లేకపోతే జారుతుంది,” అంది కేలీన్ ముక్కు చీదుతూనే.

హాస్లమ్ విసుగ్గా పైకప్పు వైపు చూశాడు. నోరీన్ మూతను పెదవుల దగ్గరకు తెచ్చింది. పళ్ళు తెరిచింది.

“వద్దు!”

కేక వేసింది వార్విక్. ఒక అడుగు ముందుకు కూడా వేశాడు. గదిలో అందరూ అతనివైపు తిరిగారు. అతడు చాచిన చేతిని మెల్లగా దించి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“శుభ్రం కాదు కదా,” అన్నాడు. “బోర్డు కూడా ఉంది… అందుకని…”

నోరీన్ సిరంజిని దించలేదు. “ఇందాక కేలీన్ ఇదే గదిలో, మీ కళ్ళముందే మూత కొరికింది. అది మీ బూటు పక్కన పడింది. మీరు తింటున్న రోల్ కూడా ఆపలేదు. సూదులూ మూతలూ వాళ్ళ గొడవ, నేను పట్టించుకోనన్నారు. కేలీన్ మూతకి లేని మురికి ఈ ట్రేలో మూతలకి ఎక్కణ్ణుంచి వచ్చింది, మిస్టర్ ప్రూడో?”

“నేను… మామూలుగానే…”

“ఇవి నేను పెట్టినవి. శుభ్రమైనవే.” ఆమె మూతను పళ్ళతో లాగి అరచేతిలోకి ఉమ్మింది. “మీరు పూసినవి సంచిలో ఉన్నాయి. మీ అక్క మొగుడు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆయన ఎందుకు లేవడం లేదో ఆమెకి నేను చెప్పనా, మీరు చెప్తారా?”

వార్విక్ గోడకు జారబడ్డాడు. “బావ ఎప్పుడూ కొరకడే,” అన్నాడు, ఫిర్యాదు చేస్తున్నవాడిలా. “చంపాలని కాదు. ఆవిడ ఒక్కసారి పడిపోతే చాలనుకున్నాను. ఒక్కసారి. కొన్న మందులోంచి ఒకటి బీరువాకి చేరకముందే పక్కన పెట్టుకుని, పొద్దున ఆవిడ ట్రే నింపగానే మూతలకి పూశాను. ఆ ట్రే ఆవిడ తప్ప ఎవరూ ముట్టుకోరని అందరూ అంటారు కదా! సాయంత్రానికి తీసి పారేద్దామనుకున్నాను, ఈ పోలీసులు ఒక్క క్షణం నడవా వదలలేదు…”

“సీరంలో నీళ్ళు?”

అతడు మొహం చేతుల్లో దాచుకున్నాడు. కేలీన్ ఏడుపు ఎప్పుడో ఆపేసింది. ఆమె చూపు చూస్తే, ఆ ఏడాది తన చేతుల మీదుగా పోయిన ప్రతి కుక్కా ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చినట్టుంది.

హాస్లమ్ లితియా చేతుల బేడీలు విప్పి వాటిని వార్విక్ మణికట్లకు వేశాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు. దాని నల్లదారం చిక్కుపడింది. ఆ చిక్కు విప్పాడు.

“తీసుకోండి,” అన్నాడు లితియాతో, ఆమె మొహంలోకి చూడకుండా. “మీ కుక్కని చూసుకోండి.”

లితియా తాళంచెవి అందుకుని బీరువా వైపు రెండడుగులు వేసింది. ట్రే పక్కగా వెళుతూ ఆగింది.

“సార్జెంట్ గారూ, మీరు ఎన్ని తీశారో అన్నే పెట్టారా?”

“అన్నే పెట్టాను. సగం వరస ఉంది.”

“సగమా?” లితియా ట్రే అంచు పట్టుకుంది. “నేను పొద్దున వరస నిండా పెట్టాను. డాక్టరు వాడింది ఒకటే.”

అందరూ కేలీన్ వైపు చూశారు. కేలీన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి మాట వచ్చింది.

“డాక్టర్ ఐకిన్. పొద్దున పరిగెడుతూ గుప్పెడు తీసి సంచిలో కుక్కుకుంది. నేనే చూశాను. నవ్వాను కూడా, లితియా నిన్ను చంపేస్తుందని.”

కిటికీ గట్టు మీద చల్లారిన పై రొట్టె కాగితం మీదనుంచి ఆవు బొమ్మ నవ్వుతూనే ఉంది.

“ఆమె చెయ్యి ఆవు మెడ మీద ఉంటుంది,” అంది లితియా. “ఇక్కడికి వచ్చిన కొత్తలో సూదికీ మూతకీ చేతులు చాలక తికమక పడేది. పళ్ళతో లాగెయ్యమని నేర్పింది నేనే.”

ముందు గదిలో ఫోను మోగింది. అందరికంటే ముందు నోరీన్ అందుకుంది.

“వైద్యశాలేనా?” అన్నాడు ఒక ముసలి రైతు, కోపంగా. “మీ డాక్టరమ్మ ఎప్పుడొస్తుందండీ? ఇక్కడ ఆవు పడిపోయి ఉంది. పొరుగు ఫామ్ వాళ్ళని అడిగితే, దూడ పుట్టేసింది, ఆమె మా దగ్గర్నుంచి ఎప్పుడో బయల్దేరిందంటున్నారు. మా గేటు దాకా ఒకటే దారి, మధ్యలో అంతా లోయే. ఎక్కడ ఆగిపోయిందావిడ?”